బ్యాంకు కోసుకున్న చార్జీలు వెనక్కి రాబట్టుకోవడం ఎలా: మినిమం బ్యాలెన్స్ నుంచి ఓవర్‌డ్రాఫ్ట్ దాకా

బ్యాంకుకెళ్లి "ఇంత చార్జీ ఎందుకు వేశారు, అన్యాయం కదా" అని అడిగితే వచ్చే జవాబు దాదాపు ఎప్పుడూ ఒకటే: "సిస్టమే కట్ చేసిందండీ, మా చేతిలో ఏం లేదు." కౌంటర్లో ఉన్నవాళ్లు అబద్ధం చెప్పడం లేదు, కట్ చేసింది నిజంగానే కంప్యూటరే. కాకపోతే ఆ కంప్యూటరు కూడా రిజర్వ్ బ్యాంకు నియమాలకు లోబడే కోయాలి. చార్జీ ఎక్కువైందని వాదిస్తే పని జరగదు. ఎంత వసూలు చేయాలన్నది చాలామటుకు బ్యాంకు ఇష్టం, రిజర్వ్ బ్యాంకు తరఫున ఫిర్యాదులు తేల్చే అంబుడ్స్‌మన్ కూడా దాన్ని వ్యాపార నిర్ణయం అని పక్కన పెట్టేస్తాడు. వసూలు చేసే ముందు ఏ మెట్టు దాటేశారో పట్టుకుంటే మాత్రం డబ్బు తిరిగొచ్చే అవకాశం గట్టిగా ఉంటుంది. నోటీసు ఇచ్చారా? గడువు ఆగారా? మీ సమ్మతి ఉందా? ఆ చార్జీ వాళ్ల పట్టికలో ఉందా? ఉత్తరం వీటి చుట్టూనే తిరగాలి.

ముందు స్టేట్‌మెంట్ తీయండి

పాస్‌బుక్ ప్రింటు చాలదు. చాలాసార్లు నెలలకొద్దీ ఎంట్రీలను ఒకే లైనులో కుక్కేస్తుంది. నెట్ బ్యాంకింగ్ లేదా యాప్ నుంచి గత మూడేళ్ల స్టేట్‌మెంట్ పీడీఎఫ్‌గా దింపుకోండి. మూడేళ్లే ఎందుకంటే, లిమిటేషన్ చట్టం ప్రకారం ఇలాంటి డబ్బు అడగడానికి మామూలుగా ఉండే గడువు అంతే. అంబుడ్స్‌మన్ కూడా ఆ గడువు లోపల బ్యాంకుకు చేసిన ఫిర్యాదులనే తీసుకుంటాడు.

ఇప్పుడు డెబిట్ల వరస చూడండి. వివరణలో పొడి అక్షరాలు తప్ప ఏమీ అర్థం కాదు. దానికో చిట్కా ఉంది. బ్యాంకు సేవా చార్జీల మీద 18 శాతం జీఎస్టీ ఉంటుంది కాబట్టి, అనుమానం వచ్చిన మొత్తాన్ని 1.18తో భాగించండి. గుండు అంకె వచ్చిందంటే అది చార్జీయే అనుకోవచ్చు. రూ. 590 అంటే 500 మీద జీఎస్టీ. 295 అంటే 250. 236 అంటే 200. 17.70 అంటే 15, ఇది ఎక్కువగా మూడు నెలలకోసారి వేసే ఎస్సెమ్మెస్ చార్జీ. 27.14 కనిపిస్తే అది 23, అంటే ఏటీఎంలో ఉచిత పరిమితి దాటినందుకు పడింది. కొన్ని బ్యాంకులు చార్జీని ఒక లైనులో, జీఎస్టీని కింద ఇంకో లైనులో రాస్తాయి, రెండూ కలిపి లెక్క వేసుకోండి. తిరిగిచ్చేటప్పుడు 500 ఇచ్చి 90 మర్చిపోయే అలవాటు వాళ్లకుంది.

తేదీ, మొత్తం, వివరణలో ఉన్న మాటలు ఉన్నవున్నట్టుగా, ఆ ఎంట్రీకి ముందు బ్యాలెన్స్, తర్వాత బ్యాలెన్స్: ఈ ఐదింటితో ఒక కాగితం మీద పట్టిక రాసుకోండి. బ్యాంకు వెబ్‌సైటులో సర్వీస్ చార్జీల పట్టిక ఉంటుంది, మీ ఖాతా ఏ రకమో చూసి ఆ పేజీ కూడా దించి పెట్టుకోండి. రేపు మారిపోవచ్చు.

మినిమం బ్యాలెన్స్ జరిమానా

ఎక్కువ డబ్బు పోయేదీ, ఎక్కువగా తిరిగొచ్చేదీ ఇక్కడే. స్టేట్ బ్యాంకు 2020 మార్చిలోనే సేవింగ్స్ ఖాతాల మీద ఈ జరిమానా ఎత్తేసింది. 2025 జూన్, జులై నెలల్లో కెనరా, పంజాబ్ నేషనల్, ఇండియన్ బ్యాంక్, బ్యాంక్ ఆఫ్ బరోడా కూడా అదే దారి పట్టాయి. ప్రైవేటు బ్యాంకుల్లో మాత్రం ఇంకా ఉంది. ప్రభుత్వ బ్యాంకుల్లో కూడా ఎత్తేయకముందు కోసుకున్నవి అడిగే హక్కు మీకు పోలేదు.

రిజర్వ్ బ్యాంకు 2014 నవంబరు 20న ఇచ్చి, 2015 ఏప్రిల్ 1 నుంచి అమలు చేయించిన నియమం క్లుప్తంగా ఇది. నిల్వ తగ్గితే బ్యాంకు ముందు ఎస్సెమ్మెస్, ఈమెయిల్, ఉత్తరం లాంటి వాటిలో ఏదో ఒక దారిన చెప్పాలి: నెలలోపు నిల్వ నింపకపోతే జరిమానా పడుతుందని. చెప్పిన రోజు నుంచి కనీసం ఒక నెల ఆగాలి. ఆ తర్వాతే, మళ్లీ మీకు తెలియజేస్తూ కోయాలి. ఎంత తగ్గిందో దానికి తగ్గట్టే జరిమానా ఉండాలి. కేవలం ఈ జరిమానా వల్ల ఖాతా మైనస్‌లోకి పోకూడదు.

ఒక ఉదాహరణ తీసుకుందాం. ఖాతాకు నెలవారీ సగటు నిల్వ రూ. 5,000 ఉండాలి. జులైలో సగటు 2,000 మాత్రమే ఉంది. లోటు 3,000. బ్యాంకు పట్టిక ప్రకారం లోటు మీద 6 శాతం, అంటే 180, జీఎస్టీ 32.40, మొత్తం 212.40. ఆగస్టు 3న మెసేజ్ వచ్చింది, ఆగస్టు 5న డెబిట్ పడింది. అప్పటికి ఖాతాలో ఉన్నది 150. కోత తర్వాత బ్యాలెన్స్ మైనస్ 62.40.

ఇందులో తప్పులు రెండున్నాయి. నోటీసుకూ కోతకూ మధ్య నెల కాదు కదా, మూడు రోజులు కూడా లేదు. ఖాతా మైనస్‌లోకి పోయింది. 6 శాతం ఎక్కువా తక్కువా అన్న చర్చ మనకెందుకు? ఈ రెండు తేదీలు, ఆ మైనస్ గుర్తు చాలు.

అన్ని బ్యాంకులూ మైనస్ చూపించవు. ఉన్న 150 తీసుకుని మిగతా 62.40ని "రావాల్సిన చార్జీ"గా రాసుకుని, ఖాతాలో డబ్బు పడగానే లాక్కునే సిస్టమ్ చాలాచోట్ల ఉంది. ఫోన్ పేలో ఎవరో రూ. 500 పంపితే అందులో కొంత మాయమవుతుంది. ఏదో పెద్ద మోసం అనుకుని కొందరు సైబర్ క్రైమ్‌కు ఫోన్ చేస్తారు, అది బ్యాంకే తీసుకున్నదని తర్వాత తెలుస్తుంది. బ్రాంచిలో "పెండింగ్ చార్జీలు, హోల్డ్ మొత్తం ఎంతుందో రాసివ్వండి" అని అడగండి. ఫిర్యాదులో కోసినదాన్ని తిరిగివ్వమని రాయడమే కాకుండా, కోయాల్సినట్టు రాసిపెట్టుకున్నదాన్ని కూడా రద్దు చేయమని విడిగా రాయండి. లేకపోతే ఒక చేత్తో ఇచ్చి ఇంకో చేత్తో తీసుకుంటారు.

"మెసేజ్ పంపాం" అని బ్యాంకు అంటే ఏ నెంబరుకు, ఏ తేదీన పంపారో లాగ్ అడగండి. ఎన్నో కేసులు ఇక్కడే తేలిపోతాయి: పాత సిమ్ నెంబరుకు పోయి ఉంటుంది. నెంబరు మార్చుకున్నాక బ్యాంకులో రాసివ్వకపోతే తప్పు మీ వైపు వస్తుంది, రాసిచ్చి రసీదు ఉంటే వాళ్ల వైపు. అమెరికా, గల్ఫ్ వెళ్లినవాళ్లు ఇండియా సిమ్ ఆపేసి, సేవింగ్స్ ఖాతాను అలాగే వదిలేస్తే జరిగేది సరిగ్గా ఇదే. వెళ్లే ముందే ఖాతాను ఎన్నార్వోగా (విదేశాల్లో ఉండేవాళ్ల రూపాయి ఖాతాగా) మార్పించి, ఈమెయిల్ నమోదు చేయించడం అన్నిటికన్నా చవక.

శాలరీ ఖాతాల సంగతి వేరు. జీరో బ్యాలెన్స్ అనుకుని నిశ్చింతగా ఉంటారు. ఉద్యోగం మారాక వరసగా కొన్ని నెలలు జీతం పడకపోతే, చాలా బ్యాంకుల్లో మూడు నెలలు, అది మామూలు సేవింగ్స్‌గా మారిపోయి 10,000 నిల్వ అడగడం మొదలుపెడుతుంది. మాదాపూర్, గచ్చిబౌలి వైపు మూడు కంపెనీలు మారినవాళ్లకు ఇలాంటివి రెండు మూడు ఖాతాలైనా ఉంటాయి. మార్చినట్టు మీకు చెప్పారా, ఎప్పుడు చెప్పారు అన్నదే అక్కడ ప్రశ్న. కనీస నిల్వలో, చార్జీల్లో మార్పు చేస్తే నెల ముందు చెప్పాలి.

బ్యాంకులు కలిసిపోయినప్పుడు కూడా ఈ ప్రశ్నే వేయండి. స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాద్ 2017 ఏప్రిల్ 1న స్టేట్ బ్యాంకులో, ఆంధ్రా బ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిశాయి. ఆంధ్రప్రదేశ్‌లోని నాలుగు గ్రామీణ బ్యాంకులు 2025 మే 1న ఒక్కటయ్యాయి. పాత పాస్‌బుక్‌లో ఉన్న షరతులు కొత్త బ్యాంకులో అలాగే ఉంటాయని అనుకోవద్దు, మీ ఖాతా ఇప్పుడు ఏ రకం కింద ఉందో ఒకసారి అడిగి రాసుకోండి.

రెండేళ్లపాటు మీరుగా ఏ లావాదేవీ చేయని ఖాతా పనిలో లేని ఖాతా అవుతుంది. 2024 ఏప్రిల్ 1 నుంచి అలాంటి ఖాతాలో మినిమం బ్యాలెన్స్ జరిమానా వేయకూడదు. మళ్లీ తెరిపించడానికి చార్జీ కూడా తీసుకోకూడదు. బ్యాంకు తనంతట తాను వేసిన వడ్డీ, కోసిన చార్జీ మీరు చేసిన లావాదేవీ కింద రావు, ఆ రెండేళ్ల లెక్కలో వాటిని చూపిస్తే ఒప్పుకోకండి.

సగటు నిల్వ అంటే రోజూ అంత ఉండాలని కాదు. రోజు చివరి నిల్వలన్నీ కూడి రోజుల సంఖ్యతో భాగిస్తారు. 30 రోజుల నెలకు 10,000 సగటు కావాలంటే కూడిక 3,00,000 రావాలి. 60,000 అయిదు రోజులు ఉన్నా సరిపోతుంది. నెలాఖరున లోటు గమనిస్తే ఈ లెక్కతో సర్దుకోవచ్చు. కొన్ని బ్యాంకులు మూడు నెలల సగటు చూస్తాయి, ముందు అది తెలుసుకోండి.

ఈ బాధ మొత్తం వద్దనుకుంటే బేసిక్ సేవింగ్స్ ఖాతాగా మార్చమని రాసివ్వండి. ఉపాధి హామీ కూలీ, పింఛను పడే ఖాతాలకు ఇదే సరైనది. కనీస నిల్వ లేదు, ఏటీఎం కార్డుకు చార్జీ లేదు, ఏటీఎంతో కలిపి నెలకు కనీసం నాలుగుసార్లు ఉచితంగా డబ్బు తీసుకోవచ్చు. షరతు ఒకటే: అదే బ్యాంకులో మీకు ఇంకో సేవింగ్స్ ఖాతా ఉండకూడదు. "అలాంటి ఖాతా మా దగ్గర లేదు" అని కొన్ని బ్రాంచీల్లో అంటారు. అన్ని బ్యాంకులూ ఇవ్వాల్సిందే. యూపీఐ మీద, రూపే డెబిట్ కార్డు చెల్లింపుల మీద చార్జీ వేస్తే అది మరో తప్పు. 2020 జనవరి 1 తర్వాత అలా వసూలు చేసినవి తిరిగివ్వాలని ప్రత్యక్ష పన్నుల బోర్డు ఆ ఏడాది ఆగస్టు 30న బ్యాంకులకు చెప్పింది.

ఏటీఎం కోతలు

సొంత బ్యాంకు ఏటీఎంలో నెలకు ఐదు ఉచితం. వేరే బ్యాంకు ఏటీఎంలో అయితే మెట్రో నగరాల్లో మూడు, మిగతాచోట్ల ఐదు. హైదరాబాద్ మెట్రో లెక్కలోకి వస్తుంది; విజయవాడ, విశాఖ, వరంగల్ రావు. చూసేది ఏటీఎం ఎక్కడుందన్నది, మీ బ్రాంచి ఎక్కడుందన్నది కాదు. 2025 మే 1 నుంచి పరిమితి దాటిన ప్రతిసారికీ గరిష్ఠంగా రూ. 23, పైన జీఎస్టీ.

మిషన్ పనిచేయకపోయినా, నెట్‌వర్క్ పోయినా, నోట్లు అయిపోయినా, పిన్ తప్పు కొట్టినా అది లెక్కలోకి రాకూడదని 2019 ఆగస్టులోనే రిజర్వ్ బ్యాంకు చెప్పింది. సొంత బ్యాంకు ఏటీఎంలో బ్యాలెన్స్ చూసుకోవడం కూడా లెక్కలోకి రాదు. వేరే బ్యాంకు ఏటీఎంలో చూస్తే మాత్రం వస్తుంది. ఖాతాలో డబ్బు లేక తిరస్కరిస్తే ఈ రక్షణ లేదు, బ్యాంకులు చార్జీ వేస్తాయి. తీసే ముందు బ్యాలెన్స్ ఫోన్లో చూసుకోండి.

డబ్బు రాకుండానే ఖాతాలో తగ్గితే, ఆ రోజు తర్వాత ఐదు రోజుల్లోపు దానంతట అదే తిరిగి పడాలి. ఆరో రోజు నుంచి రోజుకు రూ. 100 పరిహారం కూడా కలిపి ఇవ్వాలి, మీరు అడిగినా అడక్కపోయినా. యూపీఐలో ఒక మనిషికి పంపిన డబ్బు మీ ఖాతాలో తగ్గి అవతల పడకపోతే గడువు మరుసటి రోజే, దుకాణానికి కట్టినదైతే ఐదు రోజులు. ఆ పైన రోజుకు అదే వంద. బ్యాంకులు అసలు తిరిగి వేసి పరిహారం మర్చిపోతుంటాయి. 19వ రోజున 2,000 తిరిగి పడితే, 14 రోజులకు ఇంకో 1,400 మీది.

ఈఎంఐ బౌన్స్

ఖాతాలో డబ్బు లేక ఈఎంఐ వెనక్కి పోతే దెబ్బ రెండు వైపులా: మీ బ్యాంకు రిటర్న్ చార్జీ, అప్పిచ్చినవాళ్ల బౌన్స్ చార్జీ. 2021 ఆగస్టు 1 నుంచి ఈఎంఐలను ఖాతా నుంచి దానంతట అదే కోసే నాచ్ వ్యవస్థ ఆదివారం, సెలవు రోజు కూడా నడుస్తోంది. "5వ తేదీ ఆదివారం కదా, సోమవారం వేద్దాం" అనుకుంటే బౌన్సే. ముందు రోజు రాత్రికే డబ్బు ఖాతాలో ఉండాలి. ఐదో తేదీ పొద్దున వేస్తే అప్పటికే అడిగి వెళ్లిపోయి ఉండొచ్చు.

నిజంగా డబ్బు లేకపోవడం వల్లే బౌన్స్ అయితే తిరిగి రావడం కష్టం, బతిమాలి ఒకసారి మాఫీ చేయించుకోవడమే. వాదన నిలబడేది ఈ సందర్భాల్లో: మీ తప్పు లేకుండా సాంకేతిక కారణంతో వెనక్కి పోయినప్పుడు, ఒకే నెలలో ఒకే ఈఎంఐని నాలుగైదుసార్లు వేసి ప్రతిసారీ చార్జీ కోసినప్పుడు (ఇందులో అప్పిచ్చిన సంస్థ మీద కూడా విడిగా ఫిర్యాదు పెట్టాలి), బ్యాంకులో మాండేట్ (నెలనెలా కోసుకోవడానికి మీరిచ్చిన అనుమతి) రద్దు చేశాక కూడా డెబిట్ అయినప్పుడు. చివరిదానికి బాధ్యత పూర్తిగా మీ బ్యాంకుదే, మరుసటి రోజుకల్లా సరిచేయాలి, ఆలస్యమైతే అదే రోజుకు వంద. చెక్కు సంగతి కూడా అంతే: తప్పు మీదైతేనే రిటర్న్ చార్జీ.

మాండేట్ రద్దు చేస్తే అప్పు రద్దు కాదు. నడుస్తున్న లోనుకు దాన్ని ఆపితే సిబిల్ పాడవుతుంది. డబ్బు లేక నాచ్ బౌన్స్ కావడం కూడా చెక్ బౌన్స్ లాంటి కేసుకే దారితీస్తుంది, 2007 నాటి చెల్లింపుల చట్టం 25వ సెక్షన్ కింద. తీరిపోయిన లోను, మానేసిన చిట్టీ, ఆపేసిన జిమ్: రద్దు చేయాల్సినవి ఇవి. బ్యాంకు యాప్‌లో మాండేట్ల జాబితా తెరిచి చూస్తే కొందరికి మూడేళ్ల కిందటి ఫోన్ లోను ఇంకా బతికే కనిపిస్తుంది.

అడక్కుండా తగిలించినవి

మే నెలాఖరున రూ. 436, రూ. 20 డెబిట్లు కనిపిస్తే అవి జీవన జ్యోతి, సురక్షా బీమా ప్రీమియాలు. మంచి పథకాలే, 436కు రెండు లక్షల జీవిత బీమా అంటే చవకే, ఉంచుకోవడం మేలు. కానీ మీరు చేరకుండానే చేర్చి ఉంటే, లేదా రెండు బ్యాంకుల్లో రెండుసార్లు కోసి ఉంటే, "నేను సంతకం చేసిన సమ్మతి పత్రం లేదా ఆన్‌లైన్ సమ్మతి రికార్డు చూపించండి" అని రాసివ్వండి. చూపించలేకపోతే తిరిగివ్వాలి. రెండుచోట్ల కట్టినా క్లెయిము ఒక్కటే వస్తుంది. వచ్చే ఏడాది వద్దనుకుంటే మే రెండో వారంలోపే రాసిచ్చేయండి.

లోను ఇచ్చేటప్పుడు కలిపేసే ప్రమాద బీమా, హెల్త్ కార్డులు కూడా ఈ కోవలోవే. అక్కడ మీ సంతకం ఉండే అవకాశం ఎక్కువ కాబట్టి పాలసీ కాగితం అందిన 30 రోజుల ఫ్రీలుక్ (వద్దనుకుంటే వెనక్కిచ్చే) గడువులోనే బీమా కంపెనీకి రద్దు లేఖ పంపడం దగ్గరి దారి.

ఎస్సెమ్మెస్ చార్జీ వాడకాన్ని బట్టే వేయాలి, అందరికీ ఒకే మొత్తం కాదు. ఇది 2013 నవంబరు నాటి ఆదేశం. మూడు నెలల్లో ఒక్క మెసేజ్ కూడా రాని ఖాతాలో నిండు 17.70 పడితే అడగండి. చిన్న మొత్తమే, దీనికోసమే ప్రత్యేకంగా పోరాడనక్కర్లేదు, మిగతావాటితో కలిపి పట్టికలో ఒక లైను రాయండి.

ఓవర్‌డ్రాఫ్ట్ ఉంటే

మనదగ్గర మామూలు సేవింగ్స్ ఖాతాలో లేని డబ్బు తీసుకునే వీలుండదు. ఓవర్‌డ్రాఫ్ట్ అంటే విడిగా మంజూరు చేయించుకున్నదే: ఫిక్స్‌డ్ డిపాజిట్ మీద, బంగారం మీద, జీతం మీద, వ్యాపారులకు కరెంటు ఖాతా మీద. జన్ ధన్ ఖాతాలో రూ. 10,000 దాకా ఉంటుంది, మొదటి 2,000కు షరతులు లేవు.

వడ్డీ వాడినంత మొత్తానికి, వాడినన్ని రోజులకే. లక్ష డిపాజిట్ మీద ఓవర్‌డ్రాఫ్ట్ 8 శాతం అనుకుందాం. 40,000 పన్నెండు రోజులు వాడితే: 40,000 × 8 ÷ 100 × 12 ÷ 365 = రూ. 105.21. డిపాజిట్ మధ్యలో తెంపితే పడే కోతతో పోల్చి చూడండి, నెలా రెండు నెలల అవసరానికి తెంపకపోవడమే నయం. ఏడాదిన్నర అవసరమైతే లెక్క తిరగబడొచ్చు.

గొడవ మొదలయ్యేది పరిమితి అంచున. 90,000 పరిమితిలో 89,700 వాడేస్తే, నెలాఖరున వడ్డీ 598 పడి ఖాతా పరిమితి దాటిపోతుంది. మీరు రూపాయి తీయకపోయినా జరిమానా వస్తుంది. కనీసం రెండు నెలల వడ్డీకి సరిపడా జాగా ఎప్పుడూ వదిలిపెట్టండి.

పరిమితి దాటినందుకు ఇదివరకు వడ్డీ రేటుకే రెండు శాతం కలిపి, దాని మీద మళ్లీ వడ్డీ వేసేవాళ్లు. 2023 ఆగస్టు 18న రిజర్వ్ బ్యాంకు దీన్ని ఆపింది. 2024 ఏప్రిల్ 1 నుంచి కొత్త అప్పులకు, ఆ ఏడాది జూన్ 30 లోపు పాతవాటికి కూడా ఇది వర్తించింది. జరిమానా ఇప్పుడు వడ్డీ కాదు, విడి చార్జీ. దాన్ని అసలులో కలిపి దాని మీద వడ్డీ గుంజకూడదు. ఈ జరిమానా మీద జీఎస్టీ కూడా లేదని 2025 జనవరి 28న కేంద్ర పరోక్ష పన్నుల బోర్డు తేల్చింది. కాబట్టి అప్పు ఖాతాలో జరిమానా లైను పక్కన జీఎస్టీ లైను కనిపిస్తే అది తిరిగి అడగండి. ప్రాసెసింగ్ ఫీజు, రెన్యువల్ ఫీజు లాంటి సేవా చార్జీల మీద మాత్రం జీఎస్టీ ఉంటుంది, రెండిటినీ కలిపేసి రాస్తే మీ ఉత్తరం పలచబడుతుంది.

తప్పుగా వేసిన చార్జీ ఓవర్‌డ్రాఫ్ట్ ఖాతాలో పడితే దాని మీద వడ్డీ కూడా నడుస్తుంది. కాబట్టి "చార్జీ వేసిన తేదీ నుంచే లెక్కలోకి వచ్చేలా తిరిగి జమ చేయండి" అని రాయాలి. ఇవాళ్టి తేదీతో జమ చేస్తే అప్పటిదాకా పడిన వడ్డీ మీ నెత్తిన ఉండిపోతుంది.

ఉత్తరం

నోటిమాట లెక్కలోకి రాదు. కాల్ సెంటర్‌తో గంట మాట్లాడినా అంతే. బ్రాంచిలో కాగితం ఇచ్చి రెండో కాపీ మీద తేదీతో ఇన్‌వర్డ్ స్టాంపు వేయించుకోండి, లేదా ఈమెయిల్, వెబ్‌సైటులో పెట్టి ఫిర్యాదు నెంబరు తీసుకోండి. స్టాంపు వేయబోమని అంటే స్పీడ్ పోస్టులో పంపండి. ఇలా రాస్తే సరిపోతుంది:

"బ్రాంచి మేనేజరు గారికి. నా సేవింగ్స్ ఖాతా చివరి నాలుగంకెలు ____. 2025 ఆగస్టు 5న కనీస నిల్వ చార్జీ రూ. 180, జీఎస్టీ రూ. 32.40, మొత్తం రూ. 212.40 కోశారు. దీనికి సంబంధించిన సమాచారం నాకు ఆగస్టు 3న మాత్రమే అందింది. రిజర్వ్ బ్యాంకు నియమం ప్రకారం నోటీసు ఇచ్చిన రోజు నుంచి కనీసం నెల గడువు ఇవ్వాలి, ఈ చార్జీ వల్ల ఖాతా మైనస్‌లోకి పోకూడదు. రెండూ పాటించలేదు. కాబట్టి (1) రూ. 212.40 తిరిగి జమ చేయాలి, (2) ఖాతాలో పెండింగ్‌లో ఉంచిన చార్జీలు రద్దు చేయాలి, (3) తిరస్కరిస్తే, నోటీసు పంపిన తేదీ, ఏ నెంబరుకు పంపారో ఆధారంతో రాతపూర్వకంగా తెలపాలి. స్టేట్‌మెంట్ కాపీ జత చేశాను."

ఇందులో "అన్యాయం", "దోపిడీ" లాంటి మాటలు లేవు. కోపం ఎంతున్నా వాటిని ఇంట్లోనే ఉంచండి. నెలలు ఎక్కువుంటే పట్టిక జత చేసి చివర మొత్తం రాయండి. సర్క్యులర్ నెంబరు మీద ఆధారపడకండి: 2025 నవంబరులో రిజర్వ్ బ్యాంకు వేల పాత సర్క్యులర్లను కలిపి కొత్త మాస్టర్ డైరెక్షన్లుగా చేసింది కాబట్టి, పాత నెంబరు చూపిస్తే "అది రద్దయింది" అని మాట దాటేసే వీలుంది. నియమం ఏం చెబుతుందో రాయండి.

చిన్న మొత్తమైతే మేనేజరు స్థాయిలోనే తేలిపోవచ్చు. "ఈసారికి ఒక నెలది ఇస్తాం" అంటే తీసుకోండి, వద్దనకండి. కానీ ఆ సాయంత్రమే ఒక ఈమెయిల్ పెట్టండి: ఇంత అందింది, మిగిలిన ఇంతకు నా ఫిర్యాదు కొనసాగుతోంది అని. పూర్తి పరిష్కారానికి ఒప్పుకున్నట్టు ఏ కాగితం మీదా సంతకం చేయకండి. పది రోజుల్లో కదలిక లేకపోతే బ్యాంకు వెబ్‌సైటులో వివరాలుండే, ఫిర్యాదులు చూసే నోడల్ అధికారికి అదే ఫిర్యాదు నెంబరుతో పంపండి.

తిరస్కరించారనుకోండి. పది, ఆపైన శాఖలున్న వాణిజ్య బ్యాంకులో ఫిర్యాదును పూర్తిగా గానీ కొంత గానీ తోసిపుచ్చే ముందు, బ్యాంకులోనే ఉండి ఫిర్యాదులు మళ్లీ చూసే ఇంటర్నల్ అంబుడ్స్‌మన్‌కు చూపించాలి. జవాబులో ఆ మాట లేకపోతే "ఆయన పరిశీలించారా" అని ఒక్క లైను అడగండి. ఒక్కోసారి ఆ లైనుకే డబ్బు పడుతుంది.

అంబుడ్స్‌మన్

మొదటి రాతపూర్వక ఫిర్యాదు ఇచ్చి 30 రోజులైనా జవాబు రాకపోతే, లేదా వచ్చిన జవాబు నచ్చకపోతే రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్లొచ్చు. ఫీజు లేదు. లాయరు అక్కర్లేదు, అసలు లాయరు ద్వారా పెడితే తీసుకోరు. ఇంట్లోవాళ్లలో ఒకరికి అధికారమిస్తూ రాసివ్వొచ్చు, విదేశాల్లో ఉన్నవాళ్లకు అది పనికొస్తుంది. సీఎంఎస్ డాట్ ఆర్‌బీఐ డాట్ ఓఆర్‌జీ డాట్ ఇన్ అనే పోర్టల్‌లో మొబైల్ ఓటీపీతో పెట్టాలి. ఆన్‌లైన్ రానివాళ్లు చండీగఢ్ సెక్టార్ 17లోని రిజర్వ్ బ్యాంకు కేంద్రానికి పోస్టులో పంపొచ్చు. 14448కి ఫోన్ చేస్తే తెలుగులోనూ చెబుతారు. మీ బ్రాంచి శ్రీకాకుళంలో ఉన్నా ఆదిలాబాద్‌లో ఉన్నా పద్ధతి ఒకటే.

ఎక్కువ ఫిర్యాదులు గడప దగ్గరే ఆగిపోతాయి, కారణాలు కూడా అవే అవే. ముందు బ్యాంకుకు రాయకుండా నేరుగా ఇక్కడికి రావడం. 30 రోజులు నిండకుండా రావడం. బ్యాంకుకు ఇచ్చిన కాగితం జత చేయకపోవడం. అదే విషయం కోర్టులో నడుస్తుండటం. "చార్జీలు మరీ ఎక్కువ" అని మాత్రమే రాయడం. గడువు ఉందిలే అని ఆలస్యం చేయకండి, 31వ రోజునే పెట్టేయండి.

ఫారంలో ఎంత కావాలో అడిగే గడి ఉంటుంది. కోసిన మొత్తం జీఎస్టీతో సహా, రోజుకు వంద పరిహారం వర్తిస్తే అది, ఓవర్‌డ్రాఫ్ట్ అయితే దాని మీద వడ్డీ: కూడి రాయండి. తిరిగిన ఖర్చులకు, పడిన ఇబ్బందికి కూడా పరిహారం అడగొచ్చు. 212 రూపాయలకు లక్ష అడిగితే మాత్రం చదివేవాడికి మీ మిగతా లెక్క మీద కూడా నమ్మకం పోతుంది.

ఇంకో దారి జిల్లా వినియోగదారుల కమిషన్. కారణం పుట్టిన రెండేళ్లలోపు వెళ్లాలి, ఐదు లక్షల దాకా ఫీజు లేదు. ఏడాది పట్టొచ్చు. వందల్లో ఉన్న కోతకు అది దండగ. ఓవర్‌డ్రాఫ్ట్‌లో వేలు, లక్షలు పోయినప్పుడు, చెక్కులు అన్యాయంగా తిరగ్గొట్టి వ్యాపారం దెబ్బతిన్నప్పుడు ఆలోచించండి.

డబ్బు జమ అయ్యాక స్టేట్‌మెంట్ మళ్లీ ఒకసారి తీయండి. జీఎస్టీతో సహా వచ్చిందా, ఏ తేదీతో వేశారు, హోల్డ్ పోయిందా చూసుకోండి. ఖాతా మూసేయాలనుకుంటే అప్పుడే మూయండి. ఫిర్యాదు నడుస్తుండగా మూస్తే, తిరిగి జమ చేయడానికి ఖాతా లేదని ఇంకో నెల తిప్పుతారు.